కదలని పిల్లి

అన్యాయం జరిగింది బూడిది అనే పిల్లికి. జరిగింది శ్రావణంలో, ముసురు పట్టిన వారం. చేసినవాడు చెడ్డవాడు కాదు, గ్రంథాలు చదివినవాడు. చెడ్డవాడైతే ఎవరో ఒకరు అడ్డం పడేవాళ్ళు.

బూడిది అచల గురువు సాయమ్మ ఆశ్రమంలో ఉండేది. ఎలుకల కోసం వచ్చి పెరుగు కోసం నిలిచిపోయిన రకం. ఆ వారం సాయమ్మ ఆశ్రమాన్ని పెద్ద శిష్యుడు నాగోజికి అప్పగించి పక్క జిల్లాకు వెళ్ళింది.

సోమవారం పొద్దున పెరుగన్నం పెడితే బూడిది ముట్టలేదు. పొరుగామె ఎండుచేప తెచ్చి పెట్టింది. అదీ ముట్టలేదు. ముందుకాళ్ళు ఎడంగా పెట్టి, మెడ చాచి, నోరు కాస్త తెరిచి, గోడకేసి చూస్తూ కూర్చుంది. ఈగ వాలినా కదల్లేదు.

ఇంకో ఇంట్లో అయితే "దీనికేమొచ్చిందే" అని అడిగేవాళ్ళు. ఇది అచలుల ఇల్లు. కదలనిదే సత్యమని రోజూ పాడుకునే చోటు. నాగోజికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తిండి మీద ఆశ పోయింది. చూపు నిలిచింది. ఇరవై ఏళ్ళుగా నాకు చిక్కనిది దీనికి చిక్కింది," అన్నాడు.

అంతే. మర్నాటికి మెడలో బంతిపూల దండ. ఆ మర్నాటికి కొబ్బరికాయలు, కుండెడు సాంబ్రాణి పొగ. ముక్కు చుట్టూ చీమిడి ఎండి అట్టకట్టింది. ఒకావిడ దాని మీదే కుంకుమ పెట్టింది. రొమ్ములో గురగుర వినబడితే అదీ మహిమే అన్నారు. భక్తి ముదిరితే కళ్ళకు పని ఉండదు.

గురువారం సాయమ్మ ఆటో దిగింది. వాకిట్లో జనాన్ని చూసింది. లోపలికొచ్చి పిల్లిని చూసింది. చెంబులో నీళ్ళు సాంబ్రాణి మీద గుమ్మరించింది. దండ తెంపి పారేసింది.

"ఎత్తుకో," అంది.

"కదిలించకూడదమ్మా, అది ఇప్పుడు..."

"నాలుక చూసినావా?"

నాగోజి వంగి చూశాడు. నీలంగా ఉంది.

"ఎత్తుకోరా. రొమ్ము నొక్కకుండా."

వాకిట్లో పెద్దక్క అనే ముసలమ్మ అడ్డం నిలబడింది. "స్వామిని యాడికి తీసుకుపోతాండావు, నాగోజీ?"

నాగోజి గురువుకేసి చూశాడు. ఆమె చెప్పులు తొడుక్కుంటోంది.

"పశువుల ఆసుపత్రికి," అని గొణిగాడు.

"ఆమెకు చెవుడు. గట్టిగా చెప్పు," అంది సాయమ్మ.

"పశువుల ఆసుపత్రికి! జబ్బు చేసింది దీనికి!"

ఎవరో కిసుక్కుమన్నారు. నాగోజి మెడ దాకా ఎర్రబడ్డాడు.

"మరి నా టెంకాయ?" అంది పెద్దక్క.

"పచ్చడి నూరుకో," అని సాయమ్మ ఆటో ఎక్కింది.

ఆటో కదలగానే ఆమె చెయ్యి చాచి నాగోజి ముక్కు గట్టిగా పట్టుకుంది. వదల్లేదు.

"అమ్మా, ఊపిరాడదు!"

"పిల్లి ఏమన్నా అనిందా?"

రైల్వే గేటు పడి ఉంది. గూడ్సు బండి ఎంతకీ తరగదు. ఒళ్ళో బూడిది డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి. ఒక్కసారి ఆగాయి.

"పోయిందాన్నా?" అన్నాడు డ్రైవరు.

డొక్కలు మళ్ళీ కదిలాయి. నాగోజి తలెత్తితే అద్దంలో తన మొహం కనబడింది. మెడ చాచి ఉన్నాడు. నోరు తెరిచి ఉన్నాడు. మోచేతులు ఎడంగా ఉన్నాయి. చూపు ఒక్కచోటే నిలిచి ఉంది.

ఆసుపత్రి మెట్ల దగ్గర సాయమ్మ అతని ముక్కు వదిలింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. పిల్లి మొహం దగ్గర ఆక్సిజన్ గొట్టం పెట్టింది. గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి అట్టకట్టిన ముక్కును కొంచెం కొంచెంగా నానబెట్టి తుడిచింది. సూది వేసింది. "జలుబు ముదిరి నెమ్ము చేసింది. చెప్పలేను, చూద్దాం," అంది. బల్ల చుట్టూ ముగ్గురూ నిలబడ్డారు. బయట వాన.

చాలాసేపటికి బూడిది నోరు మూసింది. ముక్కుతో ఊపిరి తీసింది.

అప్పుడు డాక్టరమ్మ చీటీ తీసింది. "ముక్కు మూసుకుపోతే పిల్లికి వాసన తెలీదు. వాసన తెలీకపోతే తినదు. ఎప్పట్నుంచి తినట్లేదు?"

నిన్నట్నుంచి అంటే సరిపోయేది. కాదనేవాళ్ళు లేరు. సాయమ్మ కిటికీలోంచి వాన చూస్తోంది.

"సోమవారం పొద్దున్నుంచి. నేను చూస్తుండగానే మానేసింది," అన్నాడు నాగోజి.

"చూసి ఏం చేశారు?"

"ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకో తల్లీ," అంది సాయమ్మ.

డాక్టరమ్మ రాసింది: తిండి మానినది ఆగస్టు 11. తెచ్చినది ఆగస్టు 14.