ఇన్నాసమ్మ చెంబు

కాగితం మీద పేర్లు రాసుకోవడం రాని రోజులవి. మనిషి పేరు మనుషుల నోళ్లలోనే ఉండేది. మా అవ్వకు వాళ్ల అవ్వ చెప్పింది, మా అవ్వ నాకు చెప్పింది, నేను మీకు చెబుతున్నాను. నమ్మేవాళ్లు కుదురుగా కూర్చోండి. నమ్మనివాళ్లు ఇంకొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి.

అప్పట్లో మన పీఠానికి మనవాడెవడూ మేత్రాణిగా లేడు. మేత్రాణి అంటే తెలుసుగా, ఈ ప్రాంతంలోని క్రైస్తవ గుళ్లన్నిటికీ, ఆ గుళ్లలో పూజ చేసే గురువులందరికీ పెద్ద. ఆ పెద్దలు సముద్రం అవతలి నుంచి ఓడెక్కి వచ్చేవాళ్లు. మొదటాయన వచ్చాడు, మూడు ఎండాకాలాలు చూశాడు, జ్వరంతో పోయాడు. రెండో ఆయన వచ్చాడు, ఆయనకు మన మాట నోరు తిరగలేదు. మనం ఏడుస్తూ ఏదో చెబితే నవ్వి తల ఊపేవాడు. చివరికి ఓడెక్కి వెళ్లిపోయాడు. మూడో ఆయన వచ్చాడు, ఉండిపోయాడు. మన జొన్న సంకటి తిన్నాడు, మన మాట నేర్చాడు, మన మధ్యే ముసలివాడయ్యాడు.

ఇక ఆయన్ను పక్కన ఉంచి మన ఇన్నాసమ్మ దగ్గరికి వద్దాం.

ఇన్నాసమ్మది తాటిగుంట్ల. మంత్రసాని. చుట్టూ ఇరవై ఊళ్లలో ఏ ఇంట్లో నొప్పులు మొదలైనా ఇన్నాసమ్మ రావాల్సిందే. పెద్ద ఇళ్లవాళ్లు పురిటి గదిలో ఆమె కాళ్లు పట్టుకునేవాళ్లు. ఆదివారం గుళ్లో మాత్రం ఆమె చోటు వాకిలి దగ్గర, అందరూ చెప్పులు విడిచే చోట. ఆమె అదీ ఇదీ అనేది కాదు. నాకైతే కోపం వస్తుంది, ఆమెకు రాలేదు.

మంత్రసానికి ఇంకో పని కూడా ఉండేది. పుట్టిన బిడ్డ చచ్చేటట్టు ఉంటే గురువు వచ్చేదాకా ఆగడానికి లేదు. గురువు ఏడాదికోసారి వచ్చేవాడు. అందుకని ఆమే నీళ్లు పోసి, పేరు పెట్టి, పిత పుత్ర పవిత్రాత్మ నామమున జ్ఞానస్నానం ఇచ్చేది. ఆ అధికారం అవసరంలో ఎవరికైనా ఉంది. నీళ్లు పడ్డాయంటే పడ్డట్టే. ఆ తర్వాత గురువు వచ్చి నూనె పూసేవాడు గానీ నీళ్లు మళ్లీ పోసేవాడు కాదు. జ్ఞానస్నానం జన్మకు ఒక్కసారే.

ఒక ఏడు వాన లేదు. మరుసటి ఏడూ లేదు. మూడో ఏడు బావుల్లో బురద కూడా ఎండిపోయింది. ఆ మూడో ఏడు నడి ఎండాకాలంలో రోసమ్మ అనే ఇల్లాలికి పట్టపగలు నొప్పులు వచ్చాయి. ఊళ్లో వాళ్లంతా ఏటిలో చెలమలు తోడడానికి పోయారు. ఇంట్లో కుండలన్నీ బోర్లించి ఉన్నాయి. బిడ్డ పుట్టాడు. ఏడవలేదు. ఒళ్లంతా నీలం.

"నీళ్లు! నీళ్లు ఉన్నాయా అమ్మా?" అని అరిచింది ఇన్నాసమ్మ.

"ఎక్కడివక్కా, చుక్క లేదు" అంది రోసమ్మ.

బాలింత నోరు తడపడానికని ఎవరో తాటిముంజలు తెచ్చి గంపలో పెట్టి పోయారు. ఇన్నాసమ్మ ఒక ముంజను బొటనవేలితో పొడిచింది. తేటగా, చల్లగా నీళ్లు వచ్చాయి. మూడు ముంజలు పొడిచి మూడుసార్లు బిడ్డ తల మీద పోసి, జోజప్ప అని పేరు పెట్టింది. బిడ్డ కెవ్వుమన్నాడు. బతికాడు. రోసమ్మ ఇన్నాసమ్మను వాటేసుకుని ఏడ్చింది. ఊరంతా మహత్యం అన్నారు.

ఆ రోజు నుంచి ఇన్నాసమ్మ చెంబు లేకుండా గడప దాటలేదు. ఏ పురిటికి పోయినా చంకలో నిండు చెంబు. వేరే ఏ బిడ్డకూ మళ్లీ ముంజ పొడవాల్సిన అవసరం రాలేదు.

ఏళ్లు గడిచాయి. జోజప్ప పెరిగాడు, చదివాడు, గురువయ్యాడు. ఇరవయ్యేళ్లు ఊరూరా నడిచాడు. కలరా వచ్చిన ఊరికి అందరూ బయటికి పారిపోతుంటే ఆయన లోపలికి పోయాడు. ముసలి మేత్రాణి ఇదంతా చూసి, "నా తర్వాత మీ బిడ్డే మీకు పెద్ద కావాలి" అని సముద్రం అవతలి పైవాళ్లకు మూడుసార్లు కబురు పంపాడు. రెండుసార్లు కుదరదన్నారు. మూడోసారి సరే అన్నారు. ప్రజలు పొలాల్లోనే మోకరించారు. మనవాడు మేత్రాణి అవుతున్నాడు! ఆ సంతోషం మీకు ఇప్పుడు చెప్పినా అర్థం కాదులే.

ఆ ఏడు తాటిగుంట్ల ఉపదేశి అంతోనప్ప మంత్రసానులందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. ఉపదేశి అంటే గురువు లేని ఊళ్లో జపాలు నేర్పే పెద్దమనిషి. ఏటా చెప్పే పాఠమే, కానీ ఊరి బిడ్డ మేత్రాణి అవుతున్నాడన్న హుషారులో ఆ ఏడు కాస్త పొడుగ్గా చెప్పాడు.

"వాననీళ్లు పనికొస్తాయి. బావినీళ్లు పనికొస్తాయి. ఏటినీళ్లు పనికొస్తాయి. పాలు పనికిరావు. మజ్జిగ పనికిరాదు. కొబ్బరినీళ్లు పనికిరావు."

"ముంజనీళ్లో ఉపదేశయ్యా?" అంది ఇన్నాసమ్మ.

అందరూ గొల్లున నవ్వారు. అంతోనప్ప కూడా నవ్వాడు. "ముంజనీళ్లు నీళ్లెట్టా అవుతాయమ్మా? అది కాయలో రసం. దాంతో పోస్తే పోయనట్టే."

ఇన్నాసమ్మ నవ్వలేదు. అందరూ వెళ్లాక ఆయన దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అంతోనప్ప ముఖంలో నెత్తురు లేదు.

"నోరు మూసుకోవే ముసలీ. జ్ఞానస్నానం లేనోడు గురువు ఎట్టా అవుతాడు? మేత్రాణి ఎట్టా అవుతాడు? రెండుసార్లు కుదరదన్నోళ్లు ఈ మాట వింటే, మీకు పీఠం ఎందుకురా అని మళ్లీ ఓడలో ఇంకెవరినో పంపుతారు. నీకు తెలుసు, నాకు తెలుసు. ఇక్కడితో సరి."

ఆమె రోసమ్మ దగ్గరికి పోయింది. రోసమ్మ కూడా అప్పటికి ముసలిదే. విని, కొంగు నోట్లో కుక్కుకుంది.

"నా బిడ్డను బతికించిన చేతులతోనే చంపుతావా అక్కా? నీ కాళ్లు మొక్కుతా. చెప్పమాక."

ఇన్నాసమ్మ చెంబు నింపుకుని బయల్దేరింది. మూడు రోజులు నడిచి పీఠం ఉన్న ఊరు చేరింది. జోజప్పకు ఒంటరిగా చెప్పాలని గేటు దగ్గర నిలబడింది. కాపలావాళ్లు చెంబు చూసి, తీర్థం కోసం వచ్చిందనుకున్నారు.

"అయ్యగారు జపంలో ఉన్నారు. ఎవర్నీ చూడరు. రేపు పూజ అయినాక రా అవ్వా, పీపాలకు పీపాలు పోస్తాం" అన్నారు.

ఉపదేశి వద్దన్నాడు. కన్నతల్లి వద్దంది. గేటు తెరుచుకోలేదు. మీరైతే ఏం చేసేవాళ్లు? నేనైతే ఇంటికి పోయేవాణ్ని.

తెల్లారింది. పెద్దగుడి కిటకిటలాడింది. ముసలి మేత్రాణి, పక్క దేశాల నుంచి ఇంకో ఇద్దరు మేత్రాణులు, ముగ్గురూ బలిపీఠం ముందు నిలబడ్డారు. జోజప్ప బంగారు రంగు వస్త్రాల్లో వాళ్ల ముందు నిలబడ్డాడు. ఇన్నాసమ్మ వాకిలి దగ్గర, చెప్పుల మధ్య, చంకలో చెంబుతో నిలబడింది.

ముసలి మేత్రాణి జనాన్ని అడిగాడు. "ఈయన తగినవాడేనా?"

"తగినవాడే!" అన్నారు జనం.

"ఈయన తగినవాడేనా?"

"తగినవాడే!" గుడి కప్పు అదిరింది.

"ఈయన తగినవాడేనా?"

"తగినవాడే అయ్యా" అంది వాకిలి దగ్గర నుంచి ఒక ముసలి గొంతు. "తగినవాడే. కానీ నీళ్లు పడలేదు."

గుడంతా వెనక్కి తిరిగింది. "ఎవరది? బయటికి పంపండి!" అని పెద్దమనుషులు లేచారు. అంతోనప్ప కళ్లు మూసుకున్నాడు.

"ఆగండి" అన్నాడు జోజప్ప. "ఆమె ఎవరో నాకు తెలుసు. ఆమె చేతుల్లోనే నేను పుట్టాను."

ఆయన మెట్లు దిగాడు. గుడి ఆ చివర నుంచి ఈ చివరికి నడిచి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. ముసలి మేత్రాణి కూడా కర్ర పట్టుకుని వెనకే వచ్చాడు. ఇన్నాసమ్మ చెప్పింది. కరువు చెప్పింది, బోర్లించిన కుండలు చెప్పింది, మూడు ముంజలు చెప్పింది.

"నాకు తెలవక చేశాను నాయనా. తెలిసినాక దాచలేకపోయాను. నీ పండగ పాడుచేశాను. నన్నేమన్నా అను."

జోజప్ప ముసలి మేత్రాణి వైపు తిరిగాడు. "స్వామీ, ఇరవయ్యేళ్లు నేను చేసిన పూజలు? నా ముందు పాపాలు చెప్పుకుని చచ్చిపోయినవాళ్లు? వాళ్లంతా ఏమైనట్టు?"

ముసలాయన ఆయన భుజం మీద చెయ్యి వేసి అన్నాడు. "నమ్మి చేతులు చాచినవాళ్లను దేవుడు ఒట్టి చేతులతో పంపడు నాయనా. వాళ్ల సంగతి ఆయన చూసుకున్నాడు. ఇక మిగిలింది నీ సంగతి. పద, జ్ఞానస్నానపు తొట్టి దగ్గరికి పోదాం. నేను పోస్తాను."

జోజప్ప కదల్లేదు. పై వస్త్రం తీశాడు. లోపలి వస్త్రం తీశాడు. మెడలో పట్టీ తీశాడు. ఒంటి మీద పంచె మిగిలింది. ఆ చెప్పుల మధ్యే మోకరించాడు.

"స్వామీ, మీరు ఒప్పుకుంటే, ఈ పని మొదలుపెట్టిన చెయ్యే పూర్తి చెయ్యాలి."

ముగ్గురు మేత్రాణులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముసలాయన తన తలమీది కిరీటం తీసి చేత్తో పట్టుకున్నాడు. "పొయ్యమ్మా" అన్నాడు.

ఈ చోటికి వచ్చేసరికి మా అవ్వ చేతిలో పని పక్కన పెట్టేది.

ఇన్నాసమ్మ చెంబు పైకెత్తింది. వెంటనే పోయలేదు. ముందు తను ఒక గుక్క తాగింది. నోట్లో నిలిపి చూసింది. మింగింది.

"నీళ్లే నాయనా" అంది. "ఈసారి నీళ్లే."

పిత నామమున ఒకసారి పోసింది. పుత్రుని నామమున ఒకసారి పోసింది. పవిత్రాత్మ నామమున ఒకసారి పోసింది. అంత జనంలో నీళ్లు నేల మీద పడ్డ చప్పుడు వినబడింది. పెద్దవాళ్లంతా ముందు, చెప్పులు వెనక ఉండే ఆ గుళ్లో, ఆ రోజు జనమంతా చెప్పుల వైపు తిరిగి మోకరించారు. ముందు వరసలో కూర్చున్న రోసమ్మ లేచి, తడబడుతూ నడిచి వచ్చి, ఇన్నాసమ్మ తడి చెయ్యి తన కళ్లకు అద్దుకుంది.

మొదటి రోజు జోజప్ప క్రైస్తవుడయ్యాడు. రెండో రోజు గురువయ్యాడు. మూడో రోజు మేత్రాణి అయ్యాడు. వచ్చిన జనం మూడు రోజులూ కదల్లేదు. పైవాళ్లకు కబురు వెళితే, ఇంత నిజం చెప్పగల జనానికి పీఠం ఇవ్వక ఎవరికిస్తాం అని జవాబు వచ్చిందట. వచ్చిందో లేదో నాకు తెలియదు, మా అవ్వ మాత్రం వచ్చిందనేది.

అంతోనప్ప ఆ తర్వాత ఇన్నాసమ్మను ముసలీ అనలేదు. ఆమె ఏదన్నా అడిగితే నవ్వడమూ మానేశాడు.

కొన్నేళ్లకు ఇన్నాసమ్మ కన్ను మూసింది. పాడె ముందు కొమ్ము మేత్రాణి జోజప్పే పట్టాడు. ఎక్కడ పూడ్చాలని అడిగితే, ఆమె చోటు ఆమెదే అన్నాడు. పెద్దగుడి వాకిలి దగ్గర, చెప్పులు విడిచే చోటే సమాధి కట్టారు. ఆ రోజు నుంచి అక్కడ ఎవరూ చెప్పులు విడవరు. దూరంగా రోడ్డు మీదే విడిచి, ఒట్టి కాళ్లతో వస్తారు.

ఆ పీఠం పెరిగి పెరిగి చుట్టుపక్కల పీఠాలన్నిటికీ పెద్దదై అగ్రపీఠమైంది. ఎందరో పెద్దలు వచ్చారు, పోయారు. వాళ్ల పేర్లు గోడ మీద చెక్కారు. ఇన్నాసమ్మ పేరు గోడ మీద లేదు. కానీ ఇప్పటికీ మన వైపు పురిటి ఇంట్లో అన్నిటికంటే ముందు గడప లోపల ఒక నిండు చెంబు పెడతారు. దాన్ని ఇన్నాసమ్మ చెంబు అంటారు. వేరే పేరు తెలియదు.

కొత్త అగ్రపీఠాధిపతి వచ్చిన రోజున కూడా, ఎంత పెద్ద ఊరేగింపుతో వచ్చినా, ఆయన నేరుగా పీఠం ఎక్కడు. వాకిలి దగ్గర సమాధి పక్కన మోకరిస్తాడు. ఆ ప్రాంతంలోకెల్లా ముసలి మంత్రసాని అక్కడ చెంబు పట్టుకుని నిలబడి ఉంటుంది. తల మీద పోయదు, అది జన్మకు ఒక్కసారే కదా. తడిచేత్తో నుదురు తాకుతుంది, అంతే. తాకే ముందు ఆయన తల ఎత్తి అడగాలి.

"నీళ్లేనా అమ్మా?"

ఆమె ఒక గుక్క తాగుతుంది. గుడంతా ఆమె వైపే చూస్తుంది.

"నీళ్లే నాయనా" అంటుంది.

అప్పుడు లేచి పీఠం ఎక్కుతాడు.