ఒక్క దీర్ఘం

ఫోల్డర్ పాత్ బారెడుంది. కంప్యూటర్‌కి పనులు వరసగా చెప్పే స్క్రిప్టులో ప్రతి లైనులోనూ ఆ దారంతా రాయాలి. రాసిన ప్రతిసారీ ఎక్కడో ఒక అక్షరం తప్పేది.

మఠం గ్రంథాలయంలో నా పని అది. తాటాకు పుస్తకాల ఫోటోలు కంప్యూటర్లో సర్దడం. నిరుటి వరదకి తాటాకులు కుళ్ళిపోయాయి. మిగిలినవి ఆ ఫోటోలే. వాటికి రెండో ప్రతి లేదు.

డిస్కు నిండింది. లోపలెక్కడో ఉన్న పనికిరాని ఫోటోల ఫోల్డర్ ఖాళీ చేయాలి.

నాకో ఉపాయం తట్టింది. మొదటి లైనులో ఆ దారంతా ఒక్కసారి రాసి, లోపలికి వెళ్ళమన్నాను. రెండో లైనులో, ఇక్కడున్నవన్నీ తుడిచెయ్యమన్నాను. అంతే. ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళయ్యాక నేర్చుకున్న విద్య. గర్వంగానే ఉంది.

నాకు ఈ పని నేర్పిన అచలానంద స్వామికి చూపించాను. సన్యాసానికి ముందు ముప్పై ఏళ్ళు ఆయనది కంప్యూటర్ ఉద్యోగమే.

"దారి ఒక్కసారే స్వామీ. తర్వాతంతా పొట్టి మాటలు. నడిపించనా?"

ఆయన తెర వైపు చూశారు. లేచి, మూలనున్న చీపురు నా చేతిలో పెట్టారు.

"రత్నమ్మా, వంటశాల దాటి, గోశాల పక్క మెట్లెక్కి, వరండా చివర ఎడమచేతి గది. అందులో ఉన్నదంతా ఊడ్చి పారబోసి రా."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. వచ్చాక ఎంటర్ కొడుదువుగాని."

వెళ్ళాను. గదికి తాళం. వరండా నిండా వంట చేసే కనకమ్మ వడియాలు పెట్టి ఉంది.

"చీపురు పట్టుకుని ఇటొచ్చావేం? నా వడియాల జోలికొచ్చావో, రేపటి నుంచి నీకు పెరుగన్నమే!" అంది.

తిరిగొచ్చాను.

"తాళం వేసుంది స్వామీ."

"మరి ఊడ్చావా?"

"లోపలికి వెళ్ళందే ఎలా ఊడుస్తాను?"

"నిలబడ్డ చోటే ఊడ్చెయ్యకపోయావా?"

"అయ్యో, అక్కడ వడియాలున్నాయి స్వామీ!" నవ్వేశాను.

ఆయన నవ్వలేదు. తెర మీద మొదటి లైను చివర వేలు పెట్టారు.

'పాతవి'. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన పేరు. 'పా'కి దీర్ఘం కదా అని నేను రెండు 'ఎ'లు పెట్టాను. ఆ ఫోల్డర్ పెట్టినవాళ్ళు ఒక్కటే పెట్టారు.

నేను రాసిన పేరుతో లోపల ఏ ఫోల్డరూ లేదు. లోపలికి వెళ్ళలేకపోయినా స్క్రిప్టు ఆగదు, నిలబడ్డ చోటే రెండో లైను నడిపేస్తుంది.

స్క్రిప్టు ఎక్కడ నిలబడి ఉందో అప్పుడు చూశాను. ఆరువందల తాటాకు పుస్తకాల ఫోటోలు. సరిగ్గా వాటి మధ్య.

చీపురు చేతిలోంచి జారింది.

"తాళం చూసి నువ్వు తిరిగొచ్చావు," అన్నారు స్వామి మెల్లగా. "దానికి తిరిగి రమ్మని చెప్పావా?"

దీర్ఘం తీసేశాను. రెండు లైన్ల మధ్య, వెళ్ళలేకపోతే ఆగిపొమ్మని రాశాను.

ఎంటర్ మీద వేలు పెట్టి, మళ్ళీ తీశాను. నేనెక్కడ నిలబడి ఉన్నానో ఇంకోసారి చూసుకున్నాను.