మూడు వేళ్ళను గుర్తుపట్టని పలక

“వచ్చే గానుగ కాలంలో ఈ యంత్రం ఒక్క చేతిని కూడా తినదు. ఇది నా మాట.”

ఈ మాట అన్నది మధుకేతు మహారాజు. అన్న చోటు తీపిరేవు గానుగ దొడ్డి. అన్నప్పుడు ఆయన అరచేతిలో వేడి బెల్లం ఉంది. ఆ రాజ్యంలో అదొక ఆచారం. పెనం దించగానే చిటికెడు బెల్లం అరచేతిలో పట్టుకుని చెప్పిన మాటను ఎవరూ తప్పకూడదు.

పిల్లలూ, ఆ మాటను గుర్తు పెట్టుకోండి. రాజులు మరిచిపోతారు. వాళ్ళకు గుర్తు చేయడానికే కథలు పుట్టాయి.

అనగనగా, మాటలు బెల్లంలా తియ్యగా ఉండి, తడి తగిలితే బెల్లంలాగే కరిగిపోయే కాలం ఒకటి ఉండేది. ఆ కాలంలో తీపిరేవు అనే రాజ్యం ఉండేది. అక్కడ కనుచూపు మేర చెరుకు. చెరుకు నరికే వాళ్ళకు సెంటు నేల లేదు. దున్నేవాడిదే భూమి అని కోట గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. గోడ మాత్రం రాజుది.

పూర్వం ఆ గానుగను ఎద్దులు తిప్పేవి. వాటిలో బూడిదడు అనే ఎద్దు పెద్దది. దాని కళ్ళకు గంతలు కట్టి తిప్పేవారు. అయినా గానుగలో చెరుకు పెట్టేవాళ్ళెవరైనా “అమ్మా!” అని కేక వేస్తే, బూడిదడు ఉన్నచోట ఉన్నట్టు ఆగిపోయేది. ముల్లుకర్రతో పొడిచినా కదిలేది కాదు.

తర్వాత రాజు ఇంజను తెచ్చాడు. ఇనప రోలర్లు తెచ్చాడు. దానికి వంద ఎద్దుల బలం అన్నారు. చెవులు ఉన్నాయా అని ఎవరూ అడగలేదు.

మొదటి ఏడు ఒకడి బొటనవేలు పోయింది. రెండో ఏడు ఒకామె మణికట్టు పోయింది. మూడో ఏడు దాలమ్మ ఎడమ చేతి వేళ్ళు రెండు పోయాయి. దాలమ్మ గానుగలో చెరుకు పెట్టే మనిషి. ఆమె మొగుడు అప్పలసూరి ఇంజను పక్కన బెల్టు కర్ర పట్టుకుని నిలబడే మనిషి. కేక వినబడగానే కర్ర లాగి, బెల్టు జార్చి రోలర్లను ఆపడం అతని పని. అతను లాగాడు కాబట్టి మూడు వేళ్ళు మిగిలాయి.

ఆ రోజు దొడ్డిలో జనం చెరుకు మోపులు కింద పడేశారు. రాజు పరుగున వచ్చాడు. బెల్లం చేత పట్టాడు. మీరు మొదట విన్న మాట అన్నాడు.

యంత్రానికి కన్ను పెట్టిస్తానన్నాడు. రోలర్ల ముందు కెమెరా పెడతారు. చెయ్యి కనబడితే బ్రేకు పడుతుంది. అయితే కెమెరా చూస్తుందే గాని, చూసింది చెరుకో చెయ్యో దానికి తెలియదు. తెలుసుకునేది దాని వెనక ఒకటి కావాలి. మామూలు కంప్యూటరు, చేతిలో పని ఎక్కువైన గుమాస్తాలాంటిది. బొమ్మ మొత్తం వచ్చేదాకా ఆగి, చుక్కలను వరసలో నిలబెట్టి, పిలిచి విచారిస్తుంది. ఆలోపు చెయ్యి లోపలికి పోతుంది.

అందుకు వేరే పలక ఉంది. చదువుకున్నవాళ్ళు దాన్ని ఎఫ్‌పీజీఏ బోర్డు అంటారు. మనం గళ్ళ పలక అందాం. దానిలో వేలవేల గళ్ళు. బండి మీది చెరుకు మోపులు చేతులు మారుతూ గానుగ దాకా వచ్చినట్టు, బొమ్మలోని చుక్కలు గడి నుంచి గడికి పోతుంటాయి. ప్రతి గడీ తన పని తాను ఆగకుండా చేస్తుంది. ఏ గడిని ఏ గడితో కలపాలో మనమే రాయవచ్చు. తప్పు రాస్తే చెరిపి మళ్ళీ రాయవచ్చు.

అలాంటి పలకను ఎంచి తెమ్మని రాజు చాటింపు వేయించాడు.

దొడ్డిలో ముత్యాలు అనే పిల్ల ఉంది. ఇంజన్లూ రేడియోలూ బాగుచేస్తుంది. దాలమ్మకు వరసకు చెల్లెలు. రాత్రింబవళ్ళు పుస్తకాలు చదివి తానూ ఒక పలక తయారు చేసుకుంది. సభకు బయలుదేరుతూ పశువుల పాకలో ఆగింది. ఇప్పుడు పని లేని బూడిదడు అక్కడ చెరుకు పిప్పి నములుతోంది.

“తాతా, ఏ పలక మంచిదో ఎలా తెలుస్తుంది?” అని అడిగింది.

ఎద్దు నెమరు ఆపింది. “బలమెంత అని అడక్కు, పిల్లా. ఇంజనును కొన్నప్పుడు అందరూ అదే అడిగారు. ఎంతలో ఆగుతుందో అడుగు. ఎవరి కేక వింటుందో అడుగు. తప్పు చేస్తే దిద్దుకుంటుందో లేదో అడుగు.”

ముత్యాలు ఆ మూడు ప్రశ్నలను కొంగున ముడేసుకుంది.

సభలో చిన్న గానుగ ఒకటి నిలిపారు. దాని రోలరు మీద ముత్యాలు సుద్దతో అంగుళాల గీతలు గీసింది. అరటి దూటను చెయ్యిలా చెక్కి కర్రకు కట్టింది. “కన్ను చూసిన దగ్గర్నుంచి రోలరు ఆగేదాకా ఎన్ని గీతలు తిరుగుతుందో లెక్కపెడదాం” అంది.

మొదట తూర్పు వర్తకుడు వచ్చాడు. అతని పలకకు బంగారు పూత, నలభై దీపాలు. “పది లక్షల గళ్ళు, ప్రభూ! భూమండలంలో ఇంత పలక లేదు” అన్నాడు.

“కెమెరా తీగ ఎక్కడ పెట్టాలి, బాబూ?” అని అడిగింది ముత్యాలు.

వర్తకుడు పలకను తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పి చూశాడు. “దానికి చోటు లేదమ్మా. బొమ్మ ముందు ఈ పెట్టెలోకి పోయి, అక్కడి నుంచి ఇందులోకి వస్తుంది.”

అరటి చెయ్యిని పెట్టారు. రోలరు పన్నెండు గీతలు తిరిగి ఆగింది. అరటి దూట రసమైపోయింది.

“పన్నెండంగుళాలంటే మోచెయ్యి దాకా. దీపాలు మట్టుకు బాగున్నాయి, పెళ్ళి పందిట్లో కట్టుకోవచ్చు” అన్నాడు అప్పలసూరి వెనక నుంచి. భటుడు అతని నోరు మూయించాడు.

తర్వాత పడమటి వర్తకుడు వచ్చాడు. అతని పలక నల్లటి డబ్బాలో ఉంది. కెమెరా తీగ నేరుగా లోపలికి పోయింది. బ్రేకు తీగ నేరుగా బయటికి వచ్చింది. మంత్రి ప్రియంవదుడు ముందుకొచ్చి, రోలరు తగలకుండా గాజు అద్దం అడ్డం పెట్టించి, దాని వెనక నుంచి ఉంగరాల చెయ్యిని చూపాడు. రోలరు ఒక్క గీతలో ఆగింది. సభ చప్పట్లు కొట్టింది.

ముత్యాలు ముఖం కూడా వెలిగింది. “మంచి పలకే” అంది. “అప్పా, నువ్వూ చూపించు” అని దాలమ్మను పిలిచింది.

దాలమ్మ తన ఎడమ చెయ్యిని అద్దం వెనక పెట్టింది. నల్లటి చెయ్యి. రసం ఎండి మెరుస్తున్న చెయ్యి. మూడు వేళ్ళ చెయ్యి.

రోలరు తిరుగుతూనే ఉంది.

దాలమ్మ చెయ్యి ఊపింది. రోలరు తిరుగుతూనే ఉంది.

“ఇదేటి బాబూ, నాను కనపడ్నేదా?” అంది దాలమ్మ.

వర్తకుడు చిరునవ్వు నవ్వాడు. “మా ఊళ్ళో వెయ్యి చేతులను చూపించి నేర్పామమ్మా. అన్నీ ఐదు వేళ్ళవే.”

“అయితే డబ్బా తెరవండి. మా వాళ్ళ చేతులు కూడా చూపించి నేను నేర్పుతాను. గళ్ళ పలక గొప్పదనమే అది కదా, మళ్ళీ రాసుకోవచ్చు” అంది ముత్యాలు.

“తెరవడానికి వీల్లేదు. లోపలి రాత మాది. తాళంచెవి మా ఊళ్ళో ఉంది.”

మూడోది ముత్యాలు పలక. డబ్బా లేదు, పూత లేదు. మధ్యరకం పలక, ముప్పై వేల గళ్ళు. కెమెరా తీగ నేరుగా లోపలికి, బ్రేకు తీగ నేరుగా బయటికి. అరటి చెయ్యికి అర గీతలో ఆగింది. మంత్రి చెయ్యికి ఆగింది. దాలమ్మ చెయ్యికి ఆగింది. అయితే చెయ్యి లేని వట్టి చెరుకు గడకు కూడా రెండుసార్లు ఆగింది.

సభ నవ్వింది.

ముత్యాలు తల దించుకోలేదు. “ఇది ఇంకా నేర్చుకుంటోంది, ప్రభూ. మాకు నెల రోజులు ఇప్పించండి. దొడ్డిలో ప్రతి చెయ్యినీ దీనికి చూపిస్తాను. రసంతో, పిప్పితో, మబ్బులో, ఎండలో. దీని రాత అందరి ముందూ ఉంటుంది. తప్పు ఎవరు చూస్తే వాళ్ళు దిద్దవచ్చు.”

మంత్రి రాజు చెవిలో మెల్లగా అన్నాడు, అందరికీ వినబడేటట్టు. “ప్రభూ, ఎల్లుండి గానుగ మొదలు. పొరుగు రాజు వస్తున్నాడు. ఆయన ముందు చెరుకు గడకు ఆగే యంత్రమా? నల్ల డబ్బా నూటికి తొంభై తొమ్మిది చేతులను గుర్తుపడుతుంది.”

“ఆ ఒక్కటి ఎవురిది?” అని అడిగింది దాలమ్మ.

మంత్రి ఉంగరాలు సర్దుకున్నాడు, సభ పైకప్పు చూసింది. మౌనం అర్ధాంగీకారం అంటారు. కాదు, మౌనం పూర్తి నేరం.

రాజు నల్ల డబ్బాను ఎంచుకున్నాడు. తల ఊపడానికి ఆయనకు ఒక్క క్షణం పట్టింది.

అంతటితో ఆగలేదు. కన్ను వచ్చింది కాబట్టి బెల్టు కర్ర పట్టుకునే మనిషి అక్కర్లేదన్నారు. అప్పలసూరిని చెరుకు బళ్ళు దించే పనికి పంపారు. పోతూ పోతూ అతను భార్యతో, “ఓలే దాలీ, డబ్బాకి కనపడేటట్టు నిలబడు. నేనైతే నీ కేకని ఏ గోలలోనైనా పోల్చుకుంటాను గాని, అది నీ మొగుడు కాదు” అన్నాడు.

“నువ్వు మట్టుకు పెళ్ళైన కాడి నుంచి నా మాట ఏ రోజు విన్నావయ్యా?” అని ఆమె నవ్వింది. ఆ నవ్వు దొడ్డిలో అందరికీ గుర్తుంది.

మొదటి రోజు పొరుగు రాజు వచ్చి చెయ్యి చూపాడు. యంత్రం ఆగింది. బూరలు ఊదారు.

రెండో రోజు దొడ్డి పర్యవేక్షకుడు రోలర్ల మీదుగా తమలపాకుల తట్ట అందుకోబోయాడు. యంత్రం ఆగింది. ఆయన కెమెరా కంటికి దండం పెట్టాడు.

మూడో రోజు చెరుకు మోపు రోలర్ల మధ్య ఇరుక్కుంది. దాలమ్మ ఎడమ చేత్తో దాన్ని సర్దబోయింది. చెయ్యి నిండా రసం, రసం మీద పిప్పి. నల్ల డబ్బా చూసింది. రెప్ప వేయకుండా చూసింది. అది చెరుకే అనుకుంది.

దాలమ్మ కేక వేసింది.

ఇంజను ఆగలేదు. రోలరు ఆగలేదు. డబ్బా మీద పచ్చ దీపం అలాగే వెలుగుతోంది. దొడ్డి అవతల మేతకు పోతున్న బూడిదడు మాత్రం ఆ కేకకు ఉన్నచోట ఉన్నట్టు ఆగిపోయింది. పశువుల కాపరి తోసినా కదల్లేదు.

అప్పలసూరి చెరుకు బండి మీద నుంచి దూకి పరుగెత్తాడు. అతను కర్ర లాగేసరికి దాలమ్మ చెయ్యి మోచేతి దాకా లేదు.

ఆ రోజు పెనంలో ఉడికిన రసాన్ని ఎవరూ దించలేదు. మాడిపోయింది.

రాజు వైద్యుణ్ణి పంపాడు. ఒక దిమ్మ బెల్లం పంపాడు. విచారణ వేశాడు. విచారణ చేసింది ఎవరనుకున్నారు? మంత్రి ప్రియంవదుడు. ఆయన మూడు రోజులు ఆలోచించి మూడు వాక్యాలు రాశాడు. పలకలో లోపం లేదు. పలకకు నేర్పిన చేతులలో లోపం లేదు. ఐదు వేళ్ళు లేకపోవడం ఆమె లోపం.

అప్పలసూరి ఆ కాగితాన్ని చదివించుకుని విన్నాడు. “ఆ రెండు వేళ్ళూ ఎవరు తిన్నారో అందులో రాయలేదా?” అని ఒక్కటే అడిగాడు.

మర్నాడు దొడ్డిలో ఎవరూ గానుగలో చెరుకు పెట్టలేదు. ముత్యాలు పెద్ద తొట్టిలో ఎర్రటి జేగురు మట్టి కలిపింది. ఒక్కొక్కరే వచ్చి చెయ్యి ముంచారు. కోట గోడ మీద, దున్నేవాడిదే భూమి అని రాసిన చోట, అక్షరాల మీదే ముద్ర వేశారు. ఐదు వేళ్ళ చేతులు. నాలుగు వేళ్ళ చేతులు. మణికట్టు లేని ఆమె మోచేతితో ముద్ర వేసింది. చివరికి మంచంతో సహా మోసుకొచ్చిన దాలమ్మ లేచి కూర్చుని, కుడి చేత్తో ఒక ముద్ర వేయించుకుంది. దాని పక్కన చెయ్యంత చోటు ఖాళీగా వదలమంది.

ముత్యాలు తన పలకను గోడ ముందు పెట్టింది. ప్రతి చెయ్యి యజమానినీ పిలిచి, రసంతో ఒకసారి, పిప్పితో ఒకసారి, పొద్దున ఒకసారి, మబ్బులో ఒకసారి చూపించింది. తప్పులు రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. నెల రోజులు అడిగిన పని పదహారు రోజుల్లో అయింది. ఎందుకంటే ఈసారి దొడ్డి మొత్తం దిద్దింది. ఇప్పుడు ఆ పలక చెరుకుకు ఆగదు. చెయ్యికి ఆగుతుంది. ఎన్ని వేళ్ళని లెక్కపెట్టదు.

పలక సిద్ధంగా ఉంది. తప్పు ఎవరిదో తేలిపోయింది. నిజం గెలిచింది అనాలి కాబోలు. కాని దాలమ్మకు చెయ్యి తిరిగి రాలేదు, నల్ల డబ్బా ఇంకా యంత్రం మీదే ఉంది, అప్పలసూరికి బెల్టు కర్ర ఇంకా ఇవ్వలేదు. పొలాల్లో చెరుకు ఎండుతోంది. ఆకలితో ఉన్నవాళ్ళే పని ఆపారు. కడుపు నిండినవాళ్ళు డబ్బా తీయించలేదు.

ముత్యాలు ఒక్క ప్రశ్న రాసి రాజుకు పంపింది. “అరచేతిలో బెల్లం పట్టుకుని చెప్పిన మాట ఏమైంది?” కింద నూట నలభై రెండు ముద్రలు. జవాబు రాలేదు.

పిల్లలూ, నీతి వినండి: చేతులు పోయేవాళ్ళను అడగకుండా కొన్న కన్ను, కొన్నవాడు తన కళ్ళకు కట్టుకున్న గంత. ఎద్దు గంతలు కట్టినా ఆగింది. రాజా, నువ్వు ఎప్పుడు ఆగుతావు? జవాబుకు దొడ్డి పెట్టిన గడువు: మాఘ పౌర్ణమి.