రెండు కట్టల నడుమ ఆకు

సంగయ్యకు ఎక్కడైనా తప్పు కనబడితే అన్నం సహించదు. మఠంలో ఎవరు ఏం రాసినా ఆ తాటాకు అతని చేతికి రావలసిందే. వాక్యం వంకరగా ఉంటే చక్కచేస్తాడు. చెప్పిందే మళ్లీ చెబితే కొట్టేస్తాడు. మాట మోటుగా ఉంటే దాన్ని తీసి మంచి మాట పెడతాడు. ఆఖరికి వంటశాల గోడ మీద బొగ్గుతో రాసిన సరుకుల పట్టీని కూడా వదల్లేదు. వంటాయన నాలుగు రోజులు అలిగాడు.

తుంగభద్ర ఒడ్డున ఉన్న ఆ మఠానికి పెద్ద మరుళయ్యగారు. కంటివైద్యంలో ఆయన హస్తవాసి గురించి చుట్టుపక్కల గొప్పగా చెప్పుకునేవారు. ఏటా శివరాత్రి వెళ్లగానే మఠం నుంచి పదిమంది జంగమయ్యలు ఊళ్లమీదికి బయల్దేరేవారు. ఎండాకాలపు దుమ్ముకు కళ్లు ఎర్రబారి పుసులు కట్టినవాళ్లకు చుక్కలమందు వేసి వచ్చేవారు.

ఇన్నేళ్లూ ఆ మందును దూదితో పిండేవారు. ఒకరికి రెండు చుక్కలు పడితే ఇంకొకరికి పది పడేవి. ఈ ఏడాది కంచరి మౌనాచారి సన్నటి రాగిగొట్టాలు చేసిచ్చాడు. మందు నింపి, రెండు కొసలూ మైనంతో మూసి జోలెలో వేసుకుంటే ఎంత దూరమైనా పోవచ్చు. పై కొసన మైనం తీసి వేలు అడ్డం పెట్టాలి, కింద మైనం గిల్లాలి. వేలు కాస్త సడలిస్తే ఒక్కటంటే ఒక్క చుక్క పడుతుంది.

ఈసారి వెళ్లేవాళ్లలో ఏడుగురు కొత్తవాళ్లు. వాళ్ల చేతికి ఒక పుస్తకం ఇవ్వాలని గురువుగారు తలపెట్టారు. ఇరవై ఏళ్లుగా మఠంలో మందు కాస్తున్న నీలమ్మ మందు సంగతి చెప్పింది. మౌనాచారి గొట్టం సంగతి చెప్పాడు. రెండూ రెండు తాటాకు కట్టలయ్యాయి. వాటిని దిద్దే పని సంగయ్యకు వచ్చింది.

నెల తిరిగేసరికి అతను రెండు కట్టలనూ అద్దంలా చేశాడు. నీలమ్మ యాస పోయింది, ఆచారి తడబాట్లు పోయాయి. అంతా అయ్యాక సంగయ్యకు ఒక సందేహం పట్టుకుంది.

పుస్తకం చివరి ఆకులో రెండు పేర్లుండడం ఆనవాయితీ. పైన గ్రంథకర్త పేరు. దాని కింద, తప్పులుంటే పెద్దలు మన్నించాలని వేడుకుంటూ నకలు తీర్చినవాడి పేరు. సంగయ్య పదకొండేళ్లుగా కింద నిలబడి మన్నింపు అడుగుతున్నాడు. తప్పులు తీసేసినవాడే తప్పులకు మన్నింపు అడగడం ఏం న్యాయమో అతనికి అంతుపట్టేది కాదు.

అతను గురువుగారి దగ్గరకు వెళ్లి రెండు కట్టలూ ముందు పెట్టాడు. ఇందులో నీలమ్మ మాట ఒక్కటీ ఉన్నదున్నట్టు లేదనీ, ఆచారి మాటా లేదనీ, అన్నీ తన చేతిలో తీరినవేననీ చెప్పాడు. "అలాంటప్పుడు ఇది నేను రాసినట్టే కదా అయ్యా? దిద్దడానికీ రాయడానికీ ఏమిటి తేడా?"

మరుళయ్యగారు కట్టలు విప్పి రెండూ తీరుబడిగా చదివారు. "ఒక్క తప్పు లేదు" అన్నారు. సంగయ్యకు కడుపు నిండింది.

ఆయన లేచి గూట్లోంచి ఒక రాగిగొట్టం తీసి అతని చేతికిచ్చారు. ఎనిమిది రోజుల కిందట నింపిందని చెప్పారు. తర్వాత చాప మీద వెల్లకిలా పడుకుని, కుడికన్ను రెప్పలు రెండు వేళ్లతో విప్పి పట్టుకున్నారు. "పుస్తకం ప్రకారమే వెయ్యి."

సంగయ్య పుస్తకం గుర్తు తెచ్చుకున్నాడు. మందు నలభై రోజులు చెడదని నీలమ్మ కట్టలో ఉంది. గొట్టం పదేళ్లు మన్నుతుందని ఆచారి కట్టలో ఉంది. ఎనిమిది రోజులు ఒక లెక్కా? పైన మైనం తీశాడు, వేలు అడ్డం పెట్టాడు, కింద మైనం గిల్లాడు. గొట్టం కొసన చుక్క ఊరి వేలాడింది.

తేనెరంగులో ఉండవలసిన చుక్క పచ్చగా ఉంది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు నిలవుంటే పట్టే చిలుము పచ్చదనం అది.

సంగయ్య వేలు బిగుసుకుపోయింది. కింద గురువుగారి కన్ను రెప్ప వేయకుండా ఎదురుచూస్తోంది.

"ఏం నాయనా, నిలిపితివి? ఏ అక్షరం తప్పు?"

సంగయ్య గొట్టాన్ని పక్కకు తీసి, ఆ పచ్చటి చుక్కను ఆయనకు చూపించాడు.

మరుళయ్యగారు లేచి కూర్చుని, రెండు కట్టలనూ దగ్గరకు జరిపి, వాటి మధ్య ఒక ఖాళీ తాటాకు పెట్టారు. శివరాత్రి నెల రోజుల్లో ఉంది.

సంగయ్య ముందు చేసిన పని తను దిద్దిన కట్టను మళ్లీ చదవడం. నీలమ్మ చెప్పింది 'ఉసిరికాయ పులుపు'. మాట మోటుగా ఉందని అతనే దాన్ని 'ఆమలక రసం' చేశాడు. ఎంతో అందంగా ఉంది. పులుపన్న సంగతే కనబడకుండా పోయింది.

అయినా అది ఒక్కటే అయితే దిద్దుకోవచ్చు. పులుపు అని మళ్లీ రాసినా, ఆ పులుపును రాగిలో పొయ్యవద్దని ఏ కట్టలోనూ లేదు. వెళ్లి అడిగితే నీలమ్మ పొయ్యి ముందు నుంచి తల తిప్పకుండానే చెప్పింది. "నాకు కాచేది తెలుసు నాయనా. అది దేంట్లో పోస్తారో నాకేం తెలుసు?" మౌనాచారిదీ అదే మాట. గొట్టానికి తనది పూచీ, లోపల పోసేదానికి కాదు.

సంగయ్య ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టాడు. ఇరవై ఏళ్లలో వాళ్లు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడడం అదే మొదలు.

అక్కడి నుంచి అతనికి ఇంకో లోకం తెరుచుకుంది. లోపల కళాయి పోద్దామంటే గొట్టం మరీ సన్నం, ఆచారి పనిముట్టు పోదు. వెదురుగొట్టం తెస్తే అది మందు తాగి ఉబ్బింది, చుక్క రెండింతలైంది. పులుపు తగ్గించమంటే, అప్పుడు అది మందు కాదు, నీళ్లని నీలమ్మ కసిరింది. ఒకటి సవరిస్తే రెండోది చెడుతోంది. కోపం రావలసిన చోట సంగయ్యకు ఆశ్చర్యంగా ఉండేది. మర్నాడు ఏమవుతుందో చూడాలని తెల్లారకముందే మెలకువ వచ్చేది.

చివరికి మందూ గొట్టమూ వేరువేరుగా మొయ్యాలని తేలింది. పెద్ద జాడీ మాటిమాటికి తెరిస్తే దుమ్ము పడి రెండు రోజుల్లో విరుగుతుందని నీలమ్మ చెప్పింది. అందుకని ఒక్కొక్కరికి ఒక్కో చిన్న మట్టి గురిగి, లోపల లక్క పూసి. లక్క మందులో కరుగుతుందేమోనని రోజుకో గురిగి తెరిచి, రంగు చూశాడు, వాసన చూశాడు, తన కంట్లోనే వేసుకున్నాడు. చివరి ఆకులో పేరు సంగతి ఎప్పుడు మరిచిపోయాడో అతనికే గుర్తులేదు.

శివరాత్రి ముందురోజు ఉదయం ఖాళీ ఆకు ముందు పెట్టుకుని గంటం పట్టాడు. పదకొండేళ్లుగా పరుల వాక్యాలు తీర్చిన చెయ్యి మొదటి గీతకే తడబడింది. గంటంతో గీసింది చెరగదు. కొట్టేశాడు, పక్కన రాశాడు, మళ్లీ కొట్టేశాడు. మధ్యాహ్నానికి ఆకు మీద ఇంతే నిలిచింది:

మందు పుల్లనిది. రాగిలో నిలవుంచకు. రోగి కన్ను విప్పాకే గొట్టంలోకి తీసుకో. వేశాక వేడినీళ్లతో కడుగు, మళ్లీ కడుగు. గురిగిలో మందు పదిహేను రోజులు నిలిచింది, నేను చూశాను. పదహారో రోజు సంగతి నాకు తెలియదు.

ఆఖరి వాక్యం ఇంకెవరైనా రాసి ఉంటే అతనే కొట్టేసేవాడు. 'మళ్లీ కడుగు' కూడా ఉండేది కాదు. ఆ ఆకును చూస్తే అతనికే ముఖం చెల్లలేదు. పది కొట్టివేతలు, వంకర వరుసలు.

తీసుకెళ్లి గురువుగారికి ఇచ్చాడు. ఒక గురిగి, ఒక ఖాళీ గొట్టం, చెంబులో వేడినీళ్లు కూడా పక్కన పెట్టాడు. రాత బాగాలేదని నసిగాడు.

మరుళయ్యగారు ఆకు ఒక్కసారి చదివి పక్కన పెట్టారు. చాప మీద పడుకుని కుడికన్ను విప్పి పట్టుకున్నారు.

సంగయ్య గురిగి మూత తీశాడు. గొట్టం ముంచి, పైన వేలు అడ్డం పెట్టి ఎత్తాడు. కొసన చుక్క తేనెరంగులో ఊరింది. వేలు సడలించాడు.

చుక్క కంట్లో పడింది. గురువుగారు రెప్ప మూసి కాసేపు అలాగే ఉన్నారు. సంగయ్య గొట్టాన్ని వేడినీళ్లతో కడిగాడు. మళ్లీ కడిగాడు.

మరుళయ్యగారు లేచి కూర్చుని, కన్ను తుడుచుకుని, ఆకు అతని చేతికి తిరిగి ఇచ్చారు.

"ఇది నువ్వు రాసింది. ఇప్పుడు దిద్దుకో నాయనా."