దళవాయి భుజం

ఆ కోటలో సైనికులకు కసరత్తు నేర్పేవాడు దళవాయి భైరవనాయుడు. కొత్తగా చేరినవాడైనా, జ్వరం నుంచి లేచినవాడైనా మొదటిరోజే పది మణుగుల రాతిగుండు ఎత్తాల్సిందే. "నేను దాన్ని ఎత్తే ఇంతవాణ్ణయ్యాను" అనేవాడు. అలా ఎత్తబోయి పైడన్న అనే కుర్రాడు నడుము విరిగి మంచాన పడ్డాడు. ఎముకలకు కట్లు కట్టే నూకాలమ్మ అతన్ని చూసి కంటతడి పెట్టుకుంది.

నెల తిరక్కుండానే దళవాయి గుర్రం మీంచి పడ్డాడు. భుజం కీలు తప్పింది. కబురందుకుని వచ్చిన నూకాలమ్మ, ఏమీ అడక్కుండా అతని కాలికి బద్దలు కట్టసాగింది.

"నొప్పి భుజంలో ఉంటే కాలికి కడతావేం?" అన్నాడు దళవాయి.

"నిన్న ఒకడికి ఇలా కడితే నయమైంది దొరా. ఇకమీదట అందరికీ ఇదే కడతాను."

"ముందు నన్ను చూడాలి కదా. దెబ్బ ఎక్కడ తగిలిందో, ఎంత ఓర్చుకోగలనో అడగాలి కదా."

"పైడన్నను తమరు అడిగారా దొరా?"

దళవాయి తల దించుకున్నాడు. ఆమె నెమ్మదిగా భుజం సరిచేసింది.

కోలుకున్నాక అతను ఒక్కొక్కణ్ణీ పిలిచి, నిన్న ఎంత ఎత్తావు, ఇవాళ ఒళ్ళెలా ఉంది అని అడిగాకే బరువు చెప్పేవాడు. ఏడాది గడిచినా ఆ దళంలో ఎవరికీ నూకాలమ్మతో పని పడలేదు. పైడన్న మాత్రం మళ్ళీ లేవలేదు. దళవాయి రోజూ వెళ్ళి అతని పక్కన కాసేపు కూర్చుని వచ్చేవాడు.