పైడిరాజు దిద్దిన ముఖం

సాలూరులో పైడిరాజు అనే ఫొటోగ్రాఫరు ఉండేవాడు, ఏ ముఖాన్నీ ఉన్నది ఉన్నట్టు వదిలిపెట్టలేకపోవడం అతని లోపం.

ఫిల్ము కెమెరాల రోజులవి. మెయిన్ రోడ్డులో మందుల షాపు మేడమీద అతని స్టూడియో ఉండేది. కెమెరా మీద కన్నా అతనికి బ్రష్షు మీదే మక్కువ. ఫొటో కడిగి ఆరబెట్టాక, పిల్లి మీసమంత సన్నని బ్రష్షు పట్టుకుని దాని మీదికి వంగేవాడు. మొటిమల మచ్చలు పోయేవి. బట్టతల మీద జుట్టు మొలిచేది. ఏడుపుగొట్టు పెళ్ళికొడుకు చిరునవ్వు నవ్వేవాడు. "పైడిరాజు మేడ ఎక్కితే ఎలుగుబంటి కూడా సంబంధం కుదుర్చుకుని దిగుతుంది" అని ఊళ్ళో నవ్వుకునేవారు. అతను ఆ మాటను మెప్పుగానే తీసుకున్నాడు.

అతనికి ఒక్కతే కూతురు, పేరు నీలవేణి. ఆ పిల్ల ఎవరి ముఖంలోకీ చూసేది కాదు. పిలిస్తే తల ఎడమ భుజం మీదికి వాల్చి, ఇంకెటో చూస్తూ వినేది. చెవి పక్కన వేళ్ళు విప్పి మెల్లగా ఆడించుకునేది. తోటి పిల్లలు బొమ్మల పెళ్ళి చేస్తుంటే, తను కాస్త ఎడంగా కూర్చుని బొమ్మల మెడలోని పూసలు ఏ రంగుకారంగు వేరు చేసుకునేది. ఇంటికి చుట్టాలొస్తే "బాగున్నారా" అనేది కాదు. ఒకసారి మేనత్త ప్రయాణమవుతూ, "ఏమే, ఉండమంటావా, పొమ్మంటావా?" అని సరదాకి అడిగింది.

"పొండి" అంది నీలవేణి.

ఆవిడ ఏడాది పాటు వాళ్ళ గడప తొక్కలేదు.

పిల్లను విశాఖపట్నంలో ఒక డాక్టరమ్మకు చూపించారు. ఆమె ఒక పూటంతా పిల్లతో నేల మీద కూర్చుని చూసింది. తర్వాత తల్లిదండ్రులను పిలిచింది. "దీన్ని ఆటిజం అంటారు. జ్వరం లాగా వచ్చి పోయేది కాదు, ఇది ఈ పిల్ల తీరు. మాటలు పెరుగుతాయి. చదువుకుంటుంది, పనులు నేర్చుకుంటుంది. మనుషులతో మెలిగే పద్ధతి మాత్రం పెద్దయ్యాక కూడా చాలావరకు ఇలాగే ఉంటుంది. ఆమెకు మీరు అలవాటు పడండి" అంది.

"ఎన్నో ఏటికి పోతుందండీ?" అని అడిగాడు పైడిరాజు.

"ఇప్పుడు నేను చెప్పింది మీరు వినలేదు" అంది డాక్టరమ్మ.

నిజంగానే వినలేదు. తిరుగు బస్సులో భార్య సన్యాసమ్మతో, "బళ్ళో వేస్తే అదే మారుతుంది" అన్నాడు. బళ్ళో వేశారు. మారలేదు. "ఈడేరితే మారుతుంది" అన్నాడు. ఈడేరింది. మారలేదు. "కాలేజీలో నలుగురితో కలిస్తే సరి" అన్నాడు. నీలవేణి కాలేజీ చదువూ పూర్తి చేసింది. మిషను కుట్టడం నేర్చుకుంది. ఒక్కతే బస్సెక్కి బొబ్బిలి వెళ్ళి, కావలసిన దారాలు కొనుక్కుని వచ్చేది. తండ్రి కంటికి ఇవేవీ ఆనేవి కావు. ముఖం చూడడం లేదు, ఊరికే నవ్వడం లేదు. అతనికి ఆ రెండే కావాలి.

ప్రతి పుట్టినరోజుకీ కూతుర్ని స్టూడియోలో తెర ముందు కూర్చోబెట్టేవాడు. "ఇటు చూడమ్మా. నా వేలు చూడు. నవ్వు" అనేవాడు. ఆమె చూసేది కాదు. చేసేది లేక అలాగే ఫొటో తీసి, తలుపు వేసుకుని బ్రష్షు పట్టేవాడు. ఒక్క నల్లచుక్కతో కనుపాపను సూటిగా నిలిపేవాడు. పెదవి చివర కాస్త పైకి లాగేవాడు. చెవి దగ్గరి వేళ్ళను వెనకనున్న తెర రంగులో కలిపేసేవాడు. తల వాలి ఉంటే, ఫొటోనే కాస్త తిప్పి అంచులు కత్తిరించేవాడు. స్టూడియో గోడ మీద సూటిగా చూస్తూ నవ్వే నీలవేణులు వరసగా వేలాడేవారు. మెట్లెక్కి వచ్చిన ప్రతివాడూ "అమ్మాయి ఎంత కళగా ఉంది" అనేవాడు. తప్పు చేస్తున్నావని చెప్పే మనిషి లేడు. మెచ్చుకునేవాళ్ళు మాత్రం ఊరినిండా ఉన్నారు.

నీలవేణి ఒకరోజు అన్నం కారియరు ఇవ్వడానికి వచ్చి ఆ గోడ వైపు చూసింది.

"ఈ అమ్మాయి ఎవరు?" అంది.

"నువ్వేనమ్మా."

"కాదు" అని చెప్పి కారియరు పెట్టి వెళ్ళిపోయింది.

పైడిరాజు నవ్వి మళ్ళీ బ్రష్షు పట్టాడు.

ఆమెకు ఇరవై రెండేళ్ళు వచ్చిన ఏడు, విజయనగరంలో పైడిరాజు తమ్ముడి కూతురి పెళ్ళి వచ్చింది. మగపెళ్ళివారు దిగే వేళకు పైడిరాజు కూతురికి పట్టుచీర కట్టించి, పన్నీరు బుడ్డి చేతికిచ్చి, కల్యాణమండపం గుమ్మంలో నిలబెట్టాడు. నలుగురూ చూస్తే, ఆమెకూ నలుగురిని చూసే అలవాటు వస్తుందని అతని ఆశ.

"నాకు వద్దు నాన్నా" అంది నీలవేణి.

"ఒక్క గంటేనమ్మా. వచ్చినవాళ్ళ ముఖం చూసి నవ్వు. పన్నీరు చల్లు. అంతే."

"ముఖం చూస్తే చల్లడం రాదు. చల్లితే ముఖం చూడడం రాదు."

"అందరికీ వచ్చేది నీకెందుకు రాదు?" అని గదమాయించి, అతను లోపలికి పోయాడు.

బ్యాండు మేళంతో మగపెళ్ళివారు వచ్చారు. డప్పులూ బాకాలూ గుమ్మంలోనే ఆగి దద్దరిల్లించాయి. "ఈ అమ్మాయెవరే, పలకదేం?" అని ఒకావిడ. "నోట్లో బెల్లం ముక్క ఉందేమో" అని ఇంకొకావిడ. మూడో ఆవిడ గడ్డం పట్టుకుని ఆమె ముఖం పైకెత్తింది. కాసేపటికి పైడిరాజు బయటికి వచ్చి చూస్తే, పన్నీరు బుడ్డి గడప పక్కన ఉంది. నీలవేణి లేదు.

ముందు కోపం వచ్చింది. గదులన్నీ వెతికాక, ఆ కోపం కాస్తా భయమైంది. ఊరు ఆమెకు కొత్త. దారి తప్పితే ఎవరినీ అడగదు. ఎవరైనా కేక వేసినా, చెయ్యి పట్టుకున్నా, ఎదురుగా ఏమొస్తున్నదీ చూడకుండా పరుగెడుతుంది. మండపం ముందు లారీల రోడ్డు, వెనక రైలు పట్టాలు.

పైడిరాజు జేబులో కిందటి నెల తీసిన ఫొటో ఉంది. చుట్టాలకు చూపించడానికి తెచ్చుకున్నాడు. సూటి చూపు, చక్కని నవ్వు. అది పట్టుకుని రోడ్డు మీద పడ్డాడు. కిళ్ళీకొట్టులో చూపించాడు. "ఇంత కళగల అమ్మాయి ఇటు రాలేదండి" అన్నారు. కూడలిలో కానిస్టేబులుకు చూపించాడు. "ఈ అమ్మాయి తప్పిపోయే రకంలా లేదు. ఎవర్నో ఒకర్ని అడిగి వచ్చేస్తుంది, కంగారు పడకండి" అన్నాడు అతను. మండపం ఎదురుగా చెరకురసం బండివాడు ఫొటోను ఎండకేసి పట్టుకుని మరీ చూశాడు.

"ఈ అమ్మాయి కాదు బాబూ" అన్నాడు.

కాదన్న మాట చెవిన పడగానే పైడిరాజు ఇంకో వీధికి పరుగెత్తాడు. అలా వీధి తర్వాత వీధి తిరిగాడు. అన్ని చోట్లా అదే మాట. ఎండ వాలుతోంది. దూరంగా రైలు కూత వినపడింది. పైడిరాజు రోడ్డు పక్కన చతికిలబడ్డాడు.

అప్పుడు సన్యాసమ్మ వగరుస్తూ వచ్చింది. కొంగుముడి విప్పి, మూలలు నలిగిన చిన్న ఫొటో ఒకటి తీసింది. అందులో నాలుగేళ్ళ పిల్ల. తల ఎడమ భుజం మీదికి వాలి ఉంది. చెవి పక్కన వేళ్ళు విప్పుకుని ఉన్నాయి. కళ్ళు ఇటు లేవు, ఎక్కడో పక్కన ఉన్నాయి.

"ఇదెక్కడిది?" అన్నాడు పైడిరాజు.

"పాడైందని మీరు పారేస్తే నేను తీసి దాచుకున్నాను. పదండి, ఇది చూపిద్దాం."

"నీకేమైనా మతి పోయిందా? ఇరవై రెండేళ్ళ పిల్లను వెతకడానికి నాలుగేళ్ళ పిల్ల ఫొటోనా?"

"మీ జేబులో ఉన్నదాన్ని నేను కనలేదు" అంది సన్యాసమ్మ. మొగుడి కోసం ఆగకుండా చెరకురసం బండి దగ్గరికి నడిచింది.

బండివాడు ఆ నలిగిన ఫొటో చూస్తూనే, "ఈమేనమ్మా" అన్నాడు.

వెనకాలే వచ్చిన పైడిరాజు, "సరిగ్గా చూడు. ఇది పసిపిల్ల. మేం వెతికేది ఎదిగిన పిల్లని" అన్నాడు.

"పసిపిల్లయితే ఏటి బాబూ, మనిషి ఈమేగదా. ఇదిగో, ఇలాగే తల వాల్చి నిలబడింది. చెవి కాడ వేళ్ళు ఇలాగే ఆడించింది. రసం కావాలా అమ్మా అంటే, నా వేపు చూడకుండానే వద్దంది. బ్యాండు ఇటు తిరిగేసరికి ఆ సందులోకి పోయింది. ఇందాకే ఈ ఫొటో చూపిస్తే ఇందాకే చెప్పేవాణ్ణి. ఎవర్నో చూపించి ఊరంతా తిరిగితే ఎలాగ?"

నీలవేణికి పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చాయి. గొంతు మారింది, ఎత్తు పెరిగింది, చదువు వచ్చింది, చీర వచ్చింది. ఇన్ని వచ్చినా, రెండు నిమిషాలు చూసిన దారినపోయే మనిషి ఆమెను నాలుగేళ్ళ నాటి ఫొటోలో గుర్తుపట్టాడు. అదే మనిషి, కన్న తండ్రి నెల కిందట దిద్దిన ఫొటోలో ఆమెను గుర్తుపట్టలేకపోయాడు. పైడిరాజు ఆ నలిగిన కాగితాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆ పిల్ల ఎక్కడికీ పోలేదు. వస్తుందని తను ఎదురుచూసిన ఇంకో పిల్లే ఎన్నడూ రాలేదు.

సందు మొదట్లో పూలమ్మే మనిషికి చూపించారు. "ఆఁ, ఈమే. అటు చింతపండు పాక వేపు పోయింది" అంది. అడిగిన ప్రతివారూ ఆ పసిపిల్లను చూసే "ఈమే" అన్నారు.

సందు చివర రేకుల పాక. లోపల ఆడవాళ్ళు గోనెల మీద వరసగా కూర్చుని, కొండల నుంచి దిగిన చింతపండును గంపల్లోంచి తీసి పిక్కలు వేరు చేస్తున్నారు. అందరి తలలూ పని మీదికి వంగి ఉన్నాయి. వరస చివర, గోడ వైపు తిరిగి, పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నీలవేణి కూర్చుని ఉంది.

సన్యాసమ్మ గుమ్మంలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

"మీ పిల్లా?" అంది ఆ ఆడవాళ్ళలో పెద్దావిడ. "వచ్చి నిలబడింది. ఇక్కడికి బ్యాండు వస్తుందా అని అడిగింది. ఇక్కడికి ఈగలు తప్ప ఎవరూ రారన్నాం. కూర్చుంది. పట్టుచీర పాడవుతుందే తల్లీ అంటే, ఉతకొచ్చు అంది. అంతే, ఇంకో మాట లేదు."

"ముఖం చూసి మాట్లాడలేదని మీకు కష్టమనిపించలేదా?" అని అడిగాడు పైడిరాజు.

ఆవిడ పని ఆపకుండానే, "నా ముఖం నా మొగుడే చూడడు, మీ పిల్ల చూడలేదని ఏడవనా?" అంది. వరసంతా కిసుక్కున నవ్వింది.

నీలవేణి నవ్వలేదు, తిరగలేదు. తల ఎడమ భుజం మీదికి వాల్చి చింతపండు వైపే చూస్తోంది. మధ్య మధ్యలో కుడి చెయ్యి చెవి దాకా వెళ్ళి, వేళ్ళు విప్పుకుని, మళ్ళీ పనిలోకి దిగుతోంది. పైడిరాజు కళ్ళప్పగించి చూశాడు. ఎన్ని వేల ముఖాలు చూశాడో అతను. ఇంత నిలకడగల మనిషిని చూడలేదు. తను గదమాయించాడు, బతిమాలాడు, రంగు పూశాడు, కత్తిరించాడు. బడి వచ్చింది, కాలేజీ వచ్చింది, చుట్టాల ఎత్తిపొడుపులు వచ్చాయి. ఇన్నింటి మధ్య నుంచి ఆ పిల్ల తనను తాను చెక్కు చెదరకుండా ఇక్కడి దాకా మోసుకొచ్చింది. కొండ ముందు నిలబడినట్టనిపించింది అతనికి.

"ఇటు చూడమ్మా" అనే మాట అలవాటు కొద్దీ గొంతు దాకా వచ్చింది. మింగేశాడు. చెప్పులు విడిచి, వెళ్ళి ఆమె పక్కన గోనె మీద, ఆమెలాగే గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

కాసేపటికి నీలవేణి అడిగింది. "బ్యాండు ఆగిందా నాన్నా?"

"ఆగింది."

"అమ్మ వచ్చిందా?"

"గుమ్మంలో ఉంది."

"ఈ గంప అయ్యాక వస్తాను. పన్నీరు బుడ్డి పట్టుకోను."

"పట్టుకోవద్దు."

"ముఖాలు చూడను."

పైడిరాజు ఇన్నేళ్ళ ఆశ ఒక్క మాటతో వదులుకోవాలి.

"చూడొద్దమ్మా" అన్నాడు.

"రేపు?"

"రేపూ వద్దు. ఎప్పుడూ వద్దు."

నీలవేణి చేతిలోని పిక్కలు కింద పెట్టింది. గంపలోంచి చింతపండు ముద్ద ఒకటి తీసి, అతని వైపు చూడకుండానే అతని చేతిలో పెట్టింది.

"నువ్వూ తియ్యి. తొందరగా అవుతుంది" అంది.

పెళ్ళి సంగతి మరిచిపోయి, కొత్త చొక్కా చేతులు మడిచి, పైడిరాజు గంప ఖాళీ అయ్యేదాకా ఆమె పక్కన పిక్కలు తీశాడు.

నీతి: బిడ్డకు చదువు నేర్పండి, పని నేర్పండి, కానీ పుట్టుకతో వచ్చిన తీరును చెరపబోకండి. మారతారని ఎదురుచూసే కంటికి ఎదురుగా ఉన్న మనిషి కనబడదు.