అవధానిగారి ఘనత, గుమ్మడికాయ ఘనత

గోమేధపురం రాజు వీరభూపతికి ఒకనాడు వింత కోరిక పుట్టింది. తన కొలువులో ఎవరు ఘనులో, ఎవరు అల్పులో కొలిచి చూడాలట. ఆస్థాన పండితుడు నృసింహావధాని వెంటనే లేచి, ఆ సంగతి ఉయ్యాల చెబుతుందన్నాడు. ఘనుడు కూర్చుంటే ఏనుగు నడకలా నింపాదిగా ఊగుతుందట, అల్పుడు కూర్చుంటే కంగారు పడుతుందట.

సభామండపంలో రెండు ఉయ్యాలలున్నాయి. ఒకటి పైకప్పు కొక్కేలకు, రెండోది కింది దూలానికి. రోజూ పోలిక కోసం ముందు తానే ఊగుతానంటూ అవధాని పైకప్పు ఉయ్యాల తీసుకుని, మిగతావాళ్లను దూలం ఉయ్యాల ఎక్కించాడు. మృదంగ విద్వాంసుడు నూరు తాళాలు వేసేలోగా అవధాని ఊగింది పదిహేడు ఊపులు. వీణ వాయించే పెద్దాయన ఇరవై ఆరు. వైద్యుడూ ఇరవై ఆరే. ఇద్దరి కొలువూ ఊడింది. ఒక తాడు పొడుగు, ఇంకోటి పొట్టి అని అందరికీ కనిపిస్తూనే ఉంది. అంత పండితుడు చెప్పాక ఆలోచించే పని తమకెందుకని ఊరుకున్నారు.

మర్నాడు వంతు వంటశాల పెద్ద ఎర్రన్నది. ఆ పదవి కోసం అవధాని మేనల్లుడు అప్పుడే కొత్త తలపాగా కూడా కొనుక్కున్నాడు.

ఎర్రన్న భార్య చెంగమ్మ ఇరవై ఏళ్లుగా ఆ ఉయ్యాలలు కట్టి ఊపుతున్న మనిషి. రాణిగారు ఎక్కినా పసిపిల్ల ఎక్కినా ఒక తాడుకి ఒకటే ఊపని ఆమె చేతులకు తెలుసు. పండితుడి ముందు పనిమనిషి మాట చెల్లదనీ తెలుసు. అందుకని కోపం దిగమింగుకుని సభకు వచ్చింది.

పై ఉయ్యాల తాడులో ఒక పురి తెగిందనీ, అయ్యవారిలాంటి ఘనుణ్ణి దానిమీద కూర్చోబెట్టడానికి చేతులు రావడం లేదనీ, ఇవాళ్టికి దూలం ఉయ్యాల ఎక్కమనీ వినయంగా విన్నవించింది. అవధాని ముఖం పాలిపోయింది. కాదనడానికి కారణమేం చెప్తాడు? ఎక్కాడు. ఇరవై ఆరు ఊపులు పడ్డాయి.

తాడు గట్టితనం చూస్తానని చెంగమ్మ వంటశాల నుంచి పెద్ద గుమ్మడికాయ తెచ్చి పై ఉయ్యాల మీద పెట్టింది. మళ్లీ నూరు తాళాలు. పదిహేడు ఊపులు.

రాజు మీసం దువ్వాడు.

"ఏమయ్యా అవధానీ, ఈ గుమ్మడికాయ నీకంటే ఘనమైనదా?"

అవునంటే పరువు పోతుంది, కాదంటే సిద్ధాంతం పోతుంది. అవధానికి పరువే ముద్దనిపించింది.

"కాదు ప్రభూ. దాని తాడు పొడుగు. పొడుగు తాడు ఎవరినైనా నెమ్మదిగానే ఊపుతుంది."

"నిన్నటిదాకా నువ్వు ఊగింది ఆ తాడుకే కదూ?" అన్నాడు రాజు. అవధాని శాలువా సర్దుకున్నాడు. రాజు చెంగమ్మ వైపు తిరిగి, ఇంతకీ ఇద్దరిలో ఘనులెవరో నువ్వే తేల్చమన్నాడు.

చెంగమ్మ చేతులు కట్టుకుంది.

"గుమ్మడికాయే ఏలినవారూ. అది ఇంకా నోరు విప్పలేదు."

సభ పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది మృదంగ విద్వాంసుడు, రేపటి వంతు అతనిదే మరి. రాజు కూడా నవ్వి, పంపేసిన ఇద్దరూ గుర్తొచ్చి కాస్త తల దించుకున్నాడు. వాళ్లను పల్లకీలో తీసుకురమ్మని కబురు పెట్టి, అవధాని భుజమ్మీది పట్టుశాలువా తీయించి చెంగమ్మకు కప్పాడు.